థర్మాకోల్ సర్ఫ్‌బోర్డుకి ఏ రెజిన్? బాబాయి చెప్పిందా, లాబ్‌లో ఉన్నదా?

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట. మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. పోయిన సెలవుల్లో నేనూ మా పెద్దమ్మ కొడుకూ చెన్నై దగ్గర కోవళంలో సర్ఫింగ్ నేర్చుకున్నాం. ఇప్పుడు ఏడడుగుల బోర్డు సొంతంగా చేసుకుని సూర్యలంక తీసుకెళ్లాలని ఉంది. ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ రిపేరులో మిగిలిన థర్మాకోల్ దిమ్మలు దొరికాయి. ఒక్కొక్కటి మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి ఫైబర్ షెడ్డు ఉంది. పాలిస్టర్ జీపీ (జనరల్ పర్పస్) రెజిన్ చాలు, థర్మాకోల్ కరగకుండా ముందు ఫెవికాల్ పూస్తే సరిపోతుందని ఆయనంటారు. మా కాలేజీ లాబ్‌లో ఎల్‌వై 556 ఎపాక్సీ, హెచ్‌వై 951 హార్డెనర్ ఉన్నాయి. వీడియోల్లో ఒకాయన పాలిస్టరే అసలైనదంటాడు, ఇంకొకాయన ఎపాక్సీ తప్ప వేరే మాటే లేదంటాడు. ఏది వాడమంటారు? మేలో పరీక్షలైపోగానే మొదలుపెడదామనుకుంటున్నాం.

జవాబు: ఏ రెజిన్ అన్న ప్రశ్న మీరు అడిగేలోపే తేలిపోయింది. దిమ్మలు థర్మాకోల్‌వి కాబట్టి ఎపాక్సీ. ఇందులో బేరానికి తావు లేదు. రెజిన్ అంటే ఫైబర్‌గ్లాస్ బట్టని (గ్లాస్ అనేది దాన్నే) తడిపి ఫోమ్‌కి అతికించే ద్రవం, హార్డెనర్ అంటే ఎపాక్సీని గట్టిపరిచేది. ఇక మీరు తేల్చుకోవాల్సింది ఏ ఎపాక్సీ, అంతకంటే ముఖ్యంగా ఏ హార్డెనర్ అన్నది. గుంటూరులో, అందులోనూ మే నెలలో, బోర్డు బాగా రావడమూ పాడవడమూ హార్డెనర్ మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు మీ బాబాయి గారి మాట చూద్దాం. ఆయన పని ఆయనకు బాగా తెలుసు. బస్సు బాడీ ముక్కలైనా, నీళ్ల ట్యాంకులైనా, తెనాలిలో పోసే ఫైబర్ విగ్రహాలైనా, నిజాంపట్నం రేవులో కనిపించే ఫైబర్ పడవలైనా అన్నీ పాలిస్టరే. 2004 సునామీ తర్వాత మన తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు పెద్ద ఎత్తున వచ్చాయంటే ఆ రెజిన్ చవక, అలవాటైన చేతులు దొరుకుతాయి అన్నవి పెద్ద కారణాలు. కానీ వాటన్నిటికీ అచ్చు ఉంటుంది. రెజిన్ పడేది అచ్చు మీద. మీ విషయంలో రెజిన్ నేరుగా ఫోమ్ మీద పడుతుంది.

పాలిస్టర్ రెజిన్ ద్రవంగా ఉండటానికి అందులో స్టైరీన్ కలిపి ఉంటుంది. థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్, అంటే ఆ స్టైరీన్ నుంచే తయారైన సరుకు. ద్రవ స్టైరీన్ తగిలితే పాలిస్టైరీన్ కరిగిపోతుంది. ఇది నమ్మకం మీద తీసుకోవాల్సిన సంగతేమీ కాదు. చిన్న ముక్క కోసి, బాబాయి గారి షెడ్డులోనే, ఆయన ముందే, ఒక చెంచా జీపీ రెజిన్ పోయండి. చూస్తుండగానే గుంట పడుతుంది. రెజిన్ గట్టిపడేలోపు కింద మిగిలేది ఖాళీ. ఐసోఫ్తాలిక్ రెజిన్ అయినా, ఖరీదైన వినైల్ ఎస్టర్ అయినా ఇంతే, వాటిలోనూ స్టైరీనే ఉంది.

ఫెవికాల్ పూత ఆలోచన కొత్తది కాదు. ప్రపంచమంతా ఎవరికి వాళ్లు కనిపెట్టి, ఎవరికి వాళ్లు వదిలేసిన ఉపాయం అది. తెల్ల ఫెవికాల్ పొర పైకి నిండుగా కనిపిస్తుంది, కానీ థర్మాకోల్ పూసల మధ్య సందుల్లో ఎక్కడో సూదిమొనంత చిల్లు మిగులుతుంది. స్టైరీన్‌కి అదే చాలు. లోపలికి దిగాక పైనుంచి ఏమీ తెలియదు, బోర్డెక్కి నిలబడిన రోజున కాలి కింద మెత్తగా దిగుతుంది. ఒకవేళ చిల్లు లేకుండా పూశారనే అనుకుందాం. అప్పుడు గ్లాస్ పొర అంటుకునేది ఫెవికాల్‌కి, ఫోమ్‌కి కాదు. తెల్ల ఫెవికాల్ నీళ్లకి మెత్తబడుతుంది. సముద్రంలో దింపే వస్తువుకి అలాంటి పొర మధ్యలో పెట్టడం ఏం పని? 1940ల చివర్లో కాలిఫోర్నియాలో బాబ్ సిమన్స్ పాలిస్టైరీన్ ఫోమ్‌తో బోర్డులు చేసినప్పుడు కూడా ఈ కరిగే గొడవే వచ్చింది. ఆయన ఫోమ్‌కి పైనా కిందా పలుచని ప్లైవుడ్, అంచులకి బాల్సా చెక్క పెట్టి, వాటి మీద గ్లాస్ వేశాడు. అడ్డుగోడ కట్టాలంటే ఆ స్థాయిలో కట్టాలి.

వీడియోల్లో కొట్లాట సంగతి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరి చేతిలో ఫోమ్ వేరు. 1950ల చివర్లో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలియురేథేన్ ఫోమ్‌ని బోర్డులకు కుదిర్చాక, దాని మీద పాలిస్టర్ అన్నది దశాబ్దాల పాటు ఆనవాయితీ అయింది. పాలియురేథేన్‌ని స్టైరీన్ కరిగించదు. ఆ ఫోమ్‌ని అచ్చుల్లో పోసి పొంగిస్తారు కాబట్టి పైపొర లోపలి భాగం కంటే చిక్కగా ఉంటుంది, గ్లాస్ పలుచగా వేసినా ఆగుతుంది. అమెరికాలో ఆ బ్లాంకులు (బోర్డుగా చెక్కడానికి తయారుచేసిన ఫోమ్ దిమ్మలు) ఎక్కువ భాగం క్లార్క్ ఫోమ్ ఒక్కటే సరఫరా చేసేది. 2005 డిసెంబరు 5న ఆ ఫ్యాక్టరీ ఉన్నట్టుండి మూతపడింది. ఏళ్ల తరబడి ఒకే పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు దిక్కుతోచక థర్మాకోల్ వైపు చూశారు, దాంతో ఎపాక్సీకి ఊపొచ్చింది. బోర్డు ఎక్కినవాళ్లు నీళ్లలో తేడా తెలుస్తుందంటారు: పాలిస్టర్ బోర్డు కాస్త బరువుగా అలకి అతుక్కుని పోతుందనీ, ఎపాక్సీ-థర్మాకోల్ బోర్డు తేలిగ్గా, చురుగ్గా, గాలికి కాస్త ఎగిరినట్టు ఉంటుందనీ. మొదటి బోర్డు చేసేవాడికి ఈ చర్చ అనవసరం. పాలియురేథేన్ బ్లాంకులు మన బజారులో అడగ్గానే దొరికే సరుకు కాదు, థర్మాకోల్ మీ ఇంట్లో ఉంది.

ఇంతకీ ఉన్నది థర్మాకోలేనా? కోల్డ్ స్టోరేజీ గోడల్లో పీయూఎఫ్ (పాలియురేథేన్ ఫోమ్) కూడా వాడతారు. విరిచి చూడండి. పూసలు పూసలుగా విడిపోతే థర్మాకోల్. లేత పసుపుగా ఉండి, గోటితో గీస్తే పొడి రాలితే పీయూఎఫ్. రెండోదైతే పాలిస్టర్‌కి కరగదు, అంతమాత్రాన పనికొస్తుందని కాదు. ఇన్సులేషన్ కోసం చేసిన పీయూఎఫ్ పెళుసు, అలల దెబ్బకి పైపొర కింద పొడి అయిపోతుంది.

థర్మాకోల్ అని తేలాక తూకం వేయండి. మీరు చెప్పిన కొలతల దిమ్మ ఘనపరిమాణం 0.075 ఘనమీటర్లు. బోర్డుకి కావాల్సిన సాంద్రత ఘనమీటరుకి 20 నుంచి 32 కిలోలు, అంటే ఒక్క దిమ్మ కిలోన్నర నుంచి 2 కిలోల 400 గ్రాముల మధ్య తూగాలి. కిలో దగ్గరే ఆగిపోతే అది టీవీ పెట్టెల్లో వచ్చే రకం, ఎంత మంచి రెజిన్ వేసినా మడమ ఒత్తిడికి పైపొర లోపలికి నొక్కుకుపోతుంది. ఇంకో సంగతి, కోల్డ్ స్టోరేజీలో ఏళ్ల తరబడి ఉన్న దిమ్మ చెమ్మ పీల్చి ఉండొచ్చు. తూకం అనుమానంగా ఎక్కువ వస్తే నీడలో కొన్నాళ్లు ఆరబెట్టి మళ్లీ తూయండి. చెమ్మ ఉన్న ఫోమ్ మీద ఎపాక్సీ సరిగ్గా పట్టుకోదు.

అర మీటరు వెడల్పు మీ బోర్డుకి చాలదు, మీటరు పొడవూ చాలదు. అతకాలి. అతకడానికి కూడా రెజిన్ మాటే వస్తుంది. సోఫా పనికి, ఫార్మికా పనికి వాడే పసుపు రంగు రబ్బరు జిగురులో ద్రావకం ఉంటుంది, థర్మాకోల్‌ని తినేస్తుంది. తెల్ల ఫెవికాల్ అయితే వెడల్పాటి అతుకు మధ్యలో నీరు బయటికి పోయే దారి లేక నెలైనా పచ్చిగానే ఉంటుంది. బోర్డుకి వాడబోయే ఎపాక్సీనే కొద్దిగా తీసి, మైక్రోబెలూన్ పొడి (సన్నటి బోలు పూసల తేలికపాటి పొడి) కలిపి పేస్టులా చేసి అతకండి. నడిమి అతుకులో పలుచని చెక్క బద్ద పెడితే అదే స్ట్రింగర్ అవుతుంది, బోర్డుకి వెన్నెముక. పొడవులో వచ్చే అతుకులు రెండు పక్కలా ఒకే చోట పడకుండా ఎడంగా పెట్టండి.

ఇక మీ లాబ్‌లో ఉన్న ఎల్‌వై 556. ఇంజనీరింగ్ కాలేజీల్లో కాంపోజిట్ ప్రాజెక్టు అనగానే అదీ హెచ్‌వై 951, లేకపోతే ల్యాపాక్స్ ఎల్-12, కె-6. వందకి పది పాళ్లు తూచి కలపడం మీకు చేతనైన పనే. టెస్ట్ ముక్కలు చేయడానికి మంచి జోడీ. బోర్డుకి మాత్రం నేను వద్దంటాను, కారణాలు రెండు. ఒకటి, ఆ రెజిన్ తేనెలా చిక్కగా ఉంటుంది. గ్లాస్ క్లాత్‌లోకి ఇంకదు, స్క్వీజీతో (రెజిన్ లాగే చదును బద్దతో) లాగినా పోగుల మధ్య తెల్లగా పొడి మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చలు పోగొట్టడానికి ఇంకా ఇంకా పోస్తారు, బోర్డు బరువెక్కుతుంది. ఎసిటోన్ పోసి పలుచన చేద్దామనిపిస్తుంది, ఆ పని అసలు చేయకండి. ఎసిటోన్ కూడా థర్మాకోల్‌ని కరిగిస్తుంది, పైగా రెజిన్ బలం పోతుంది. రెండో కారణం హార్డెనర్ దురుసుతనం. మామూలు గది వేడిలోనే కప్పులో అరగంట అటూ ఇటూగా చిక్కబడిపోతుంది. ఏడడుగుల బోర్డు ఒక వైపు క్లాత్ పరిచి, తడిపి, అంచులు కిందికి చుట్టి, అదనపు రెజిన్ లాగేయడానికి కొత్త చేతులకి అంతకంటే ఎక్కువే పడుతుంది. మేలో చెప్పనే అక్కర్లేదు.

ఈ వేడి లెక్క తెలిస్తే సగం పని అయినట్టే. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే రెజిన్ చిక్కబడే సమయం సుమారుగా సగానికి పడిపోతుంది. డబ్బా మీద రాసే సమయం సాధారణంగా 25 డిగ్రీల దగ్గరిది. 25 దగ్గర 40 నిమిషాలు ఇచ్చే హార్డెనర్ 35 దగ్గర 20 నిమిషాలు, 45 దగ్గర 10 నిమిషాలు ఇస్తుంది. మన రెంటచింతల ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? ఆటోనగర్ రేకుల షెడ్డులో మధ్యాహ్నం వేడి బయటి కంటే ఎక్కువే. అందుకే షాపువాడు ఫాస్ట్ ఇవ్వనా, స్లో ఇవ్వనా అంటే స్లో అనండి. చలి దేశాల వాళ్లు ఫాస్ట్ హార్డెనర్ వాడి చూపించే వీడియోలు మనకి పనికిరావు. 25 డిగ్రీల దగ్గర గంటకు తగ్గకుండా పాట్ లైఫ్ (కలిపాక చిక్కబడేలోపు దొరికే సమయం) ఇచ్చేది తీసుకోండి.

కొనేటప్పుడు అడగాల్సినవి ఇవి: ల్యామినేటింగ్ (క్లాత్ పొరలు వేసే) ఎపాక్సీయేనా, కలిపాక చిక్కదనం 25 డిగ్రీల దగ్గర వెయ్యి సెంటీపాయిజ్ లోపు ఉంటుందా, గది వేడిలోనే గట్టిపడుతుందా. డేటా షీటు ఇవ్వలేని షాపు నుంచి కొనకండి. యూవీ స్టెబిలైజర్ కలిపిన రకం దొరికితే మంచిదే, లేకపోయినా కొంప మునగదు. ఎపాక్సీ ఎండకి పసుపెక్కడం సహజం, తెల్ల పెయింటు వేసుకోవచ్చు. పాన్ షాపు పక్కన కిరాణాలో దొరికే అరల్డైట్ ట్యూబులు అతికించడానికే, ల్యామినేషన్‌కి కాదు. ఈమధ్య విజయవాడలో రెజిన్ ఆర్ట్ మోజు బాగా ఉంది, క్రాఫ్ట్ సామాన్ల షాపుల్లో అద్దంలా తేటగా ఉండే ఎపాక్సీ కిట్లు దొరుకుతున్నాయి. చూడ్డానికి పలుచగా, అందంగా ఉంటుంది కాబట్టి మనసు లాగుతుంది. అందులో డీప్ పోర్ అని రాసిన రకం మందంగా పోయడానికి తయారైనది. మందంగా ఉన్నప్పుడు లోపల పుట్టే వేడితోనే అది గట్టిపడుతుంది. బోర్డు మీద మీరు వేసే పొర మిల్లీమీటరులో పావు వంతు. అంత పలుచని పొరలో ఆ వేడి పుట్టదు, రోజులు గడిచినా రబ్బరులా సాగుతుంది.

క్లాత్ మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బాబాయి గారి షెడ్డులో ఉండేది చాప్డ్ మ్యాట్, అంటే నేయకుండా తరిగిన గ్లాస్ పోగుల చాప. ఆ మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరిగేలా చేసింది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు, కాబట్టి ఆ జిగురు కరగదు, మ్యాట్ వంపుల దగ్గర ఒదగకుండా బిర్రుగా నిలబడుతుంది. పైగా మ్యాట్ తన బరువుకి రెట్టింపు పైనే రెజిన్ తాగుతుంది. పడవ గోడ మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి దానికి చెల్లుతుంది. మీకు నేత గ్లాస్ క్లాత్ కావాలి, చదరపు మీటరుకి 200 గ్రాములది. ఎపాక్సీకి సరిపోయే సైజింగ్ (పోగుల మీది రసాయన పూత) ఉందని అడిగి తీసుకోండి. అడుగున ఒక పొర, పైన నిలబడే వైపు రెండు పొరలు. ఆ రెండూ కలిపి అర మిల్లీమీటరు మందం కూడా దాటవు, మిమ్మల్ని మోసేది అంతే.

ఎంత కొనాలి? మీ బోర్డు ఒక్కో వైపు వైశాల్యం అంచుల చుట్టుతో కలిపి చదరపు మీటరు పైచిలుకు. మూడు పొరల క్లాత్ 650-700 గ్రాములు వస్తుంది. బాగా చేసినవాళ్లు క్లాత్ బరువుతో సమానంగా రెజిన్ వాడతారు, కొత్తవాళ్లకి కిలో దాకా పోతుంది. ఫోమ్ మీద తొలి పూతకి ఓ పావు కిలో, చివర్లో రెండు వైపులా నింపుడు పూతకి (క్లాత్ నేత గుంటల్ని నింపే పై పూత) అరకిలో. అతుకులకి, కప్పుల్లో వృథాకి కలిపి హార్డెనర్‌తో సహా మూడు కిలోల కిట్ తీసుకుంటే మధ్యలో ఆగిపోరు. కిలోకి చూస్తే ఎపాక్సీ ధర జీపీ రెజిన్‌కి రెండు మూడింతలు ఉంటుంది, ఆ తేడా బాబాయి గారికి కళ్లు తిరిగేలా ఉండొచ్చు. పెద్ద పడవకి ఆ లెక్క లెక్కే. మీకు కావాల్సింది మూడు కిలోలు.

పాలిస్టర్‌లో చేయి తిరిగినవాళ్లే ఎపాక్సీలో ఎక్కువగా పొరపడతారు, అందుకని ఇది మీరిద్దరూ కలిసి చదవండి. పాలిస్టర్‌లో కేటలిస్ట్ ఒకటి నుంచి రెండు శాతం. చలిగా ఉంటే కాస్త ఎక్కువ, ఎండగా ఉంటే కాస్త తక్కువ, కంటితో చూసి మూతలతో పోసేస్తారు. అక్కడ కేటలిస్ట్ చేసేది మొదలుపెట్టడం వరకే, తర్వాత రెజిన్ తనంతట తానే గొలుసుకట్టుగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ కూడా సరుకులో భాగమే. రెజిన్ అణువుకి హార్డెనర్ అణువు జత కుదరాలి. ఎక్కువ పోస్తే మిగిలిన హార్డెనర్, తక్కువ పోస్తే మిగిలిన రెజిన్ ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. తొందరగా గట్టిపడాలని రెండు చుక్కలు ఎక్కువ వేయడం ఇక్కడ కుదరదు. గ్రాము వరకూ చూపించే డిజిటల్ కాటా పెట్టుకోండి. డబ్బా మీద రెండుకి ఒకటి అని ఉంటే అది కొలత పాళ్లా, తూకం పాళ్లా చూడండి. హార్డెనర్ సాధారణంగా రెజిన్ కంటే తేలిక కాబట్టి ఆ రెండూ ఒకటి కావు. కలిపాక కప్పు గోడలు, అడుగు గీకుతూ రెండు మూడు నిమిషాలు కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి మార్చి మళ్లీ కలపండి. ఒకేసారి 250 గ్రాములకు మించి కలపొద్దు. కలపడం అవగానే బోర్డు మీద పోసేయండి. కప్పులో కుప్పగా ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది, పేపరు కప్పు చేతిలో ఉండగానే కాలుతుంది.

రోజులో ఏ వేళ పని పెట్టుకోవాలన్నది థర్మాకోల్‌తో చాలా ముఖ్యం. దిమ్మ నిండా గాలి. ఉదయం మొదలుపెడితే పొద్దెక్కే కొద్దీ ఆ గాలి వ్యాకోచించి పైకి తన్నుతుంది, తడి రెజిన్‌లో బుడగలు లేస్తాయి. పొడిచిన కొద్దీ కొత్తవి వస్తాయి. సాయంత్రం షెడ్డు చల్లబడటం మొదలయ్యాక వేస్తే ఫోమ్ లోపలి గాలి ముడుచుకుని రెజిన్‌ని లోపలికి లాక్కుంటుంది. అసలు క్లాత్ కంటే ముందు, మైక్రోబెలూన్ కలిపిన ఎపాక్సీని పలుచగా బద్దతో గీకినట్టు పూసి పూసల సందులు మూసేయండి. బుడగల బాధ సగం అక్కడే పోతుంది, ఫోమ్ తాగే రెజిన్ కూడా మిగులుతుంది.

నన్నడిగితే మే వద్దు. దిమ్మలు కోసుకోవడం, అతకడం, ఆకారం తేవడం వేసవిలో చేసుకుని గ్లాస్ పని నవంబరు తర్వాత పెట్టుకోండి. పగలు 30 డిగ్రీల దగ్గర, చెమ్మ తక్కువ, మనకి ఏడాదిలో అదే మంచి కాలం. కాలేజీ అయిపోతుంది, అప్పటిదాకా ఆగలేం అంటారా, అయితే రాత్రి ఎనిమిది దాటాక, స్లో హార్డెనర్‌తో, డబ్బాల్ని అంతకుముందే ఏసీ గదిలో ఉంచి తీసి చేయండి. చల్లటి డబ్బా షెడ్డులోకి తేగానే మూత తీయకండి, బయట పట్టిన చెమ్మ తుడిచి కాసేపాగి తీయాలి. జులై, ఆగస్టుల్లో కృష్ణ ఒడ్డున ఉండే గాలి తేమతో ఇంకో చిక్కు: ఎపాక్సీ మీద మైనం లాంటి జిడ్డు పొర తేలుతుంది. హార్డెనర్‌లోని అమైన్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి చేసే పని అది. కనిపించకపోయినా ఉందనే అనుకోండి. దాన్ని ఎమరీ పేపరుతో రుద్దితే లోపలికి పులుముకుంటుంది. ముందు మామూలు నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి, ఆరబెట్టి, తర్వాత రుద్దాలి. అలా చేయకుండా పై పూత వేస్తే అది కొన్నాళ్లకి పొరలుగా లేస్తుంది. తప్పించుకునే దారి ఒకటుంది. తొలి పొర వేలికి అంటకుండా, గోరు మాత్రం దిగేంత పచ్చిగా ఉన్నప్పుడే నింపుడు పూత వేసేస్తే రెండూ రసాయనికంగా కలిసిపోతాయి. మన వేడికి ఆ అదను తొందరగా వచ్చి తొందరగా పోతుంది, నిద్రపోకుండా కాచుకోవాలి.

ఎపాక్సీకి వాసన పెద్దగా ఉండదు. అందుకే చాలామంది చేతులతో ఆడుకుంటారు. హార్డెనర్ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి ఒక రోజున ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి వచ్చిందంటే ఇక జన్మలో ఎపాక్సీ దగ్గరికి పోలేరు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, చేతికి అంటితే థిన్నర్‌తో కాక సబ్బు నీళ్లతో కడుక్కోండి. థిన్నర్ దాన్ని చర్మం లోపలికి ఇంకా దింపుతుంది. ఎమరీ కొట్టేటప్పుడు దుమ్ము మాస్కు తప్పదు.

బాబాయి గారి షెడ్డులో పాలిస్టర్ పని జరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంకొక్క మాట. మన దగ్గర జీపీ రెజిన్‌తో పాటు యాక్సిలరేటర్, కేటలిస్ట్ రెండు సీసాలు విడిగా ఇస్తారు. ఒకటి కోబాల్ట్, ఇంకొకటి ఎంఈకేపీ. ఆ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే పేలుతుంది. ముందు యాక్సిలరేటర్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపాకే కేటలిస్ట్ వేయాలి, ఆ రెండింటికీ ఒకే కొలత మూత వాడకూడదు. కేటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి, పడితే వెంటనే కనీసం పావుగంట ధారగా నీళ్లు కొట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. స్టైరీన్ ఆవిరి మామూలు గుడ్డ మాస్కుకి, ఎన్95కి ఆగదు, ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. 2018లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ని మనుషులకి బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రోజూ ఆ గాలే పీల్చే మీ బాబాయి గారికి ఈ మాట చెప్పాల్సింది మీరే.

బోర్డు అయ్యాక వారం రోజులు నీడలో వదిలేయండి, అప్పటికి గానీ ఎపాక్సీకి పూర్తి బలం రాదు. రంగు తెలుపే ఉంచండి. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలా వాటికి 50-60 డిగ్రీలు దాటితే బిగువు సడలుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి సులువుగా వస్తుంది. ముదురు రంగు వేస్తే ఇసుక మీద పెట్టినా అదే గతి. లోపలి గాలి పొంగి, పైపొర ఫోమ్ నుంచి విడిపోయి బుగ్గలా లేస్తుంది. బాపట్ల దాకా కారు పైన కట్టుకెళ్తే తెల్ల దుప్పటి కప్పండి, అక్కడ సరుగుడు చెట్ల నీడన పెట్టండి. సూర్యలంకలో ప్రమాదాలు కొత్త కాదు. ఏ రోజు దిగొచ్చో, ఎక్కడ లోపలికి లాగుతుందో అక్కడి మత్స్యకారుల్ని అడగకుండా నీళ్లలోకి పోకండి.

బోర్డుకి ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగిలి చిల్లు పడుతుంది. థర్మాకోల్ నీళ్లు పీలుస్తుంది, వెంటనే బయటికొచ్చి టేపు వేయండి. ఇంటికొచ్చాక ఆ చిల్లు కిందివైపు ఉండేలా నిలబెట్టి నీరంతా కారి ఆరేదాకా ఆగి, ఎపాక్సీతోనే పూడ్చండి. ఎండలో గట్టిపడే రిపేరు ట్యూబులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో చాలావరకు పాలిస్టర్, చిల్లులో పిండితే చుట్టూ ఉన్న ఫోమ్‌ని కరిగించి చిన్న చిల్లుని పెద్దది చేస్తాయి. థర్మాకోల్‌కి పనికొస్తుందని ట్యూబు మీద స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

దిమ్మ తూకం ఎంత వచ్చింది, మీకు దొరికిన హార్డెనర్ డబ్బా మీద పాట్ లైఫ్ ఎంత రాసి ఉంది, ఈ రెండూ తెలియజేయండి. ఏ విడతకి ఎన్ని గ్రాములు కలపాలో లెక్క వేసి పంపుతాను.